కీమో, రేడియేషన్ నడుస్తున్నప్పుడు ధ్యానం, జపం, పూజ: ఏది ఎప్పుడు, ఎంతవరకు?

కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మకి ఎడమ రొమ్ము క్యాన్సర్. వయసు 58, షుగర్ కూడా ఉంది. వచ్చే వారం కీమో మొదలు. ముందు నాలుగు సైకిల్స్ ఏసీ (ఎర్ర మందు, దాంతోపాటు సైక్లోఫాస్ఫమైడ్), తర్వాత పాక్లిటాక్సెల్, ఆపైన ఆపరేషన్, రేడియేషన్ అన్నారు. రోజూ గంటసేపు పూజ, లలితా సహస్రనామం ఉన్న మనిషి. ఇంట్లో తలో మాట. ఒకరు కపాలభాతి చేయించమంటారు, ఒకరు ఏకాదశి వదలొద్దంటారు, ఇంకొకరు ముందు తిరుమల మొక్కు తీర్చుకు రమ్మంటారు. చికిత్స ఒక్కరోజు కూడా ఆగకూడదు, ఆవిడకి దేవుడి దగ్గర కూర్చునే ధైర్యమూ పోకూడదు. "జాగ్రత్తగా ఉండండి" అని వదిలేయకుండా, ఏ రోజు ఏం చేయొచ్చో, ఏది ఎందుకు కూడదో చెప్పండి.

డేకేర్_సిస్టర్
కృష్ణాతీరం గారూ, అన్నిటికంటే ముందు 21 రోజుల సైకిల్‌ని (ఒక కీమో నుంచి తర్వాతి కీమో దాకా) ముక్కలుగా చూడటం నేర్చుకోండి. రోజూ ఒకే దినచర్య పెట్టుకుంటే మూడో రోజుకే తప్పుతుంది. అప్పుడు "నా నియమం తప్పింది" అన్న దిగులు మందు బాధకి తోడవుతుంది.

ఎక్కించే రోజు: ఆ ఉదయం పూజ పది నిమిషాలకు మించొద్దు. సాంబ్రాణి, ఘాటైన అగరుబత్తి ఆ రోజు వెలిగించకండి. కీమో రోజున తగిలిన వాసనని, తిన్న రుచిని ఒళ్లు వాంతితో ముడిపెట్టేసుకుంటుంది. ఆవిడకి బాగా ఇష్టమైన చక్కెర పొంగలి ఆ రోజు ప్రసాదంగా పెట్టారనుకోండి, తర్వాత నెలల తరబడి దాని మొహం చూడలేకపోవచ్చు. ఇష్టమైనవన్నీ రెండో వారం చివరి దాకా దాచిపెట్టండి.

ఎర్ర మందు ఎక్కుతున్నంతసేపూ కళ్లు మూసుకుని లోపలికి వెళ్లిపోయే ధ్యానం వద్దు. ఆ మందు నరం దాటి కండలోకి కారితే చర్మం పుండు పడిపోతుంది. సూది దగ్గర మంట, సలుపు, బిగుతు తెలిసిన క్షణంలో సిస్టర్‌ని పిలవాలి. ధ్యానంలో ఉన్నాను కదా అని మంటని ఓర్చుకోవడం ఇక్కడ చాలా ప్రమాదం. పాక్లిటాక్సెల్‌కి ఇంకో జాగ్రత్త ఉంది. రియాక్షన్ వస్తే ఎక్కువగా మొదటి పది పదిహేను నిమిషాల్లోనే వస్తుంది: మొహం ఎర్రబడటం, ఛాతీ పట్టేయడం, నడుములో ఉన్నట్టుండి నొప్పి. అంతసేపు కళ్లు తెరిచే ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. అది దాటాక ఎన్ని నామాలైనా వినొచ్చు. ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టండి, పిలిస్తే వినపడాలి.

రెండో రోజు నుంచి ఐదో రోజు: ఒళ్లు ఈడ్చుకుపోయే రోజులు. పారాయణం ఆవిడ చదవక్కర్లేదు, ఇంట్లో ఎవరైనా చదివితే పడుకుని వింటే చాలు. వాంతి ఆపడానికి ఇచ్చే డెక్సామెథసోన్ వల్ల రాత్రుళ్లు నిద్ర పట్టదు. ఆ మాత్ర ఉదయాన్నే వేసుకోవచ్చేమో అడగండి. మందు వల్ల పోయిన నిద్రని ధ్యానంతో తెచ్చుకోవాలని అర్ధరాత్రి దాకా కూర్చుంటే ఇంకా అలసిపోతారు.

ఏడు నుంచి పద్నాలుగో రోజు వరకు: తెల్ల రక్తకణాలు (వీటినే కౌంట్స్ అంటాం) బాగా పడిపోయే కాలం. అసలు జాగ్రత్తంతా ఈ వారంలోనే. పూజగది గురించి కింద విడిగా రాస్తాను. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ చేరితే ఎంత రాత్రైనా ఆసుపత్రికి బయల్దేరాలి. విభూతి పెట్టి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. ఫోన్ చేయకుండా పారాసెటమాల్ వేసి జ్వరాన్ని కప్పేయకూడదు కూడా.

పదిహేనో రోజు నుంచి: ఓపిక తిరిగొస్తుంది. గుడికి, పూర్తి పారాయణానికి, ఇష్టమైన ప్రసాదానికి ఇవే రోజులు.

ప్రాణాయామ_గురువు
సిస్టర్ గారు చెప్పిన రోజుల ప్రకారమే శ్వాస సంగతి రాస్తాను.

కపాలభాతి, భస్త్రిక చికిత్స అయ్యేవరకు పక్కన పెట్టండి. పొట్టని బలంగా లోపలికి కొట్టి గాలి వదలడం వల్ల కడుపులో, తలలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు అది మంచిది కాదు, ఆపరేషన్ కుట్లకీ మంచిది కాదు, వాంతి వచ్చేలా ఉన్న కడుపుకి అసలే కాదు. మెదడులో గడ్డ ఉన్నవాళ్లు గాలి బిగబట్టే కుంభకం కూడా చేయకూడదు. జలనేతి కూడా మానాలి. కౌంట్స్ లేనప్పుడు ముక్కులో నీళ్లు పోయడమంటే ఇన్‌ఫెక్షన్‌కి దారి ఇచ్చినట్టే. ఎముకలకి క్యాన్సర్ పాకినవాళ్లకి ముందుకు వంగే ఆసనాలు, నడుము మెలితిప్పేవి వద్దు. వెన్నుపూస విరగొచ్చు.

చేయదగ్గది చాలా తేలిక. వీపుకి ఆనుకుని కూర్చోవాలి, లేదా తల కింద రెండు దిళ్లు పెట్టుకుని పడుకోవాలి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి తీసుకోవాలి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. నిమిషానికి ఆరు శ్వాసలు పడతాయి. ఐదు నిమిషాలు, రోజుకి మూడుసార్లు. నాలుగు-ఆరు కష్టమైతే మూడు-నాలుగుతో మొదలుపెట్టండి. వదలడం కొంచెం పొడుగ్గా ఉండటమే ముఖ్యం, అంకెలు కావు.

చాలామంది తప్పు చేసేది ఒక్కచోటే. నెమ్మదిగా అంటే గాఢంగా అనుకుని ఛాతీ నిండా పీలుస్తారు. రెండు నిమిషాలకి పెదాల చుట్టూ, వేళ్ల చివర్ల చిమచిమ, తల తేలిపోవడం మొదలవుతుంది. భయపడాల్సిందేమీ లేదు, గాలి అవసరానికి మించి లాగుతున్నారంతే. మామూలుగా తీసుకునేంత గాలే తీసుకోండి, వేగం మాత్రం తగ్గించండి. వెంటనే సర్దుకుంటుంది.

మొదటి కీమోకి ఇంకా వారం ఉంది కదా, ఈ రోజు నుంచే మొదలుపెట్టించండి. ఒంట్లో బాగున్నప్పుడు అలవాటైన శ్వాసే సూది గుచ్చేటప్పుడు గుర్తొస్తుంది. డే కేర్‌లో (పగటిపూట కీమో ఎక్కించి పంపే వార్డు) కుర్చీలో కూర్చున్నాక కొత్తగా నేర్పితే ఎవరికీ రాదు.

కృష్ణాతీరం
ధన్యవాదాలండీ. నిన్న సాయంత్రం కూర్చోబెట్టాను. శ్వాస మీద మనసు పెట్టగానే "ఊపిరి ఆడట్లేదేమో" అని కంగారు పడింది. దగ్గు కూడా వచ్చింది. బలవంతం చేయాలా?

ప్రాణాయామ_గురువు
అస్సలు వద్దు. ఆయాసం ఉన్నవాళ్లకి, ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకి, బాగా భయంలో ఉన్నవాళ్లకి శ్వాసని గమనించమంటే భయం రెట్టింపవుతుంది. మనసు నిలిపే చోటు మార్చండి, అంతే. నామం, చేతిలో పూస, బయటి శబ్దం, అరిచేతుల వెచ్చదనం, ఏదైనా సరే.

ఆవిడకి జపం అలవాటే కాబట్టి అదే వాడుకోండి. 108 పూసల మాల వద్దు. సగంలో ఆగితే మనసుకి వెలితి. 27 పూసల మాల, అదీ లేకపోతే వేలి కణుపులు. ఒక్కో కణుపుకి ఒక నామం, గాలి వదిలేటప్పుడు మనసులో అనుకోవాలి. దాంతో వదిలే శ్వాస దానంతటదే పొడవవుతుంది, ఊపిరి గురించి ఆలోచించే పనే ఉండదు.

పాక్లిటాక్సెల్ మొదలయ్యాక ఇంకోటి గుర్తుపెట్టుకోండి. అరికాళ్లు, వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి. యోగనిద్రలో "పాదాల మీద మనసు పెట్టండి" అనగానే ఆ తిమ్మిరి భరించలేనంతగా తెలుస్తుంది. రికార్డింగ్‌లో పాదాల భాగం వదిలేసి మోకాళ్ల నుంచి మొదలుపెట్టమనండి. మాల పూసలు వేళ్లకి తెలియకపోతే పెద్ద పూసల మాల వాడండి. యోగనిద్ర అయ్యాక పక్కకి తిరిగి, లేచి కూర్చుని, ఒక నిమిషం ఆగి అప్పుడు నిలబడాలి. వాంతులతో నీరు తగ్గిన ఒంట్లో బీపీ పడిపోతుంది. మంచం పక్కన పడిపోవడాలు ఎక్కువగా ఇలాగే జరుగుతాయి.

అమృతధార
అందరూ చిన్న చిన్న విషయాల దగ్గరే ఆగిపోతున్నారు. రోజుకి మూడు గంటల ధ్యానం, సాత్వికాహారం, గోమూత్ర అర్కం, అశ్వగంధ కలిపి నిష్ఠగా చేస్తే కీమో అవసరమే రాదు. నమ్మకం ముఖ్యం. మొదటి రెండు సైకిల్స్ ఆపి ప్రయత్నించి చూడండి.

మందుల_షాపు
అమృతధార గారూ, మీ భక్తి మీద నాకు గౌరవం ఉంది. ఆ సలహా మాత్రం ప్రాణం తీస్తుంది కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. 2018లో అమెరికన్ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్‌లో యేల్ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. పాకకముందే దొరికిన క్యాన్సర్ ఉండి, చికిత్స వద్దని ప్రత్యామ్నాయ పద్ధతుల్ని మాత్రమే నమ్ముకున్న 281 మందిని, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చారు. మొదటి గుంపులో మరణించే ముప్పు మొత్తం మీద రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఆ తేడా ఇంకా ఎక్కువ. నయం చేయగల దశలో రెండు సైకిల్స్ ఆపడమంటే ఆ అవకాశాన్ని చేతులారా వదులుకోవడమే.

కృష్ణాతీరం గారూ, ఇంట్లో ఇప్పటికే ఏ చూర్ణం, అర్కం, కషాయం వాడుతున్నా సీసాతో సహా డాక్టర్‌కి చూపించండి. కాలేయం అరిగించే దారి ఒకటే అయినప్పుడు కొన్ని మూలికలు కీమో మందు మోతాదుని ఒంట్లో పెంచేస్తాయి, కొన్ని తగ్గించేస్తాయి. కూరలో వేసే పసుపు గురించి భయం లేదు. గుళికల్లో గాఢంగా వచ్చే పసుపు సారం గురించి మాత్రం అడగాలి.

ధ్యానం దేనికి పనికొస్తుందో కూడా తెలిసిందే. 2023లో అమెరికన్ క్లినికల్ ఆంకాలజీ సొసైటీ, ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ సొసైటీ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో, చికిత్స నడుస్తున్నప్పటి ఆందోళనకి, దిగులుకి ధ్యాన పద్ధతుల్ని సిఫారసు చేశారు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకి యోగా కూడా. గడ్డ కరుగుతుందని వాళ్లు ఎక్కడా అనలేదు. ఆందోళన తగ్గితే మనిషి చికిత్స పూర్తి చేయగలుగుతాడు. నా దృష్టిలో అదే పెద్ద లాభం.

డేకేర్_సిస్టర్
పూజగది గురించి రాస్తానన్నాను కదా.

కౌంట్స్ పడిపోయిన వారంలో నిర్మాల్యం తీసే పని ఆవిడకి ఇవ్వకండి. నిన్నటి పూలు, కలశంలో నిలవ నీళ్లు, పూల గిన్నె అడుగు జిగట, వీటన్నిటిలో బ్యాక్టీరియా ఉంటుంది. తులసికోట దగ్గర దణ్ణం పెట్టుకోవచ్చు. మట్టి మాత్రం తవ్వకూడదు, ఎండాకులు ఏరకూడదు. ఆ మట్టిలో బూజు ఊపిరితిత్తులకి చేటు. బోన్ మారో (ఎముక మజ్జ మార్పిడి) వార్డుల్లో పూలు, కుండీలు లోపలికి రానివ్వకపోవడానికి కారణం ఇదే.

తీర్థం: గుడిలో అందరూ ముట్టుకున్న పాత్రలోది తాగొద్దు. కళ్లకద్దుకుని తలమీద చల్లుకుంటే చాలు. ఇంట్లో కావాలంటే, మరిగించి చల్లార్చిన నీళ్లలో శుభ్రంగా కడిగిన తులసి ఆకు వేసి దేవుడికి చూపించి, అప్పటికప్పుడు ఇవ్వండి. ఆకు తీసేయండి. పచ్చిపాలు, తేనె కలిసిన పంచామృతం వద్దు. ప్రసాదాల్లో ఇంట్లో చేసిన వేడి పొంగలి మంచిది. పులిహోర నోరు పూసినప్పుడు నిప్పులా మండుతుంది, అందుకు వద్దు.

చేతికి కట్టే ఎర్రదారం తడిసి, మాసి, వారాల తరబడి అలాగే ఉంటుంది. క్యాన్యులా (మందు ఎక్కించే సూదిగొట్టం) పెట్టే చేతికి, ఆపరేషన్‌లో చంకగ్రంథులు తీసిన చేతికి అది వద్దు. చేయి వాస్తే దారం కోసుకుపోతుంది. దిండు కింద పెట్టుకోనివ్వండి. పోర్ట్ లేదా పిక్ లైన్ (మందు ఎక్కించడానికి నెలల తరబడి ఒంట్లో ఉంచే గొట్టాలు) ఉంటే దాని పట్టీ చుట్టుపక్కల విభూతి, కుంకుమ పడకూడదు.

ఇంట్లో ఆక్సిజన్ వాడేవాళ్లుంటే దీపం, కర్పూరం, అగరుబత్తి ఆ గదిలోనే ఉండకూడదు. బట్టలు, దుప్పటి ఆక్సిజన్ పీల్చుకుని ఉంటాయి, చిన్న నిప్పురవ్వ చాలు. బ్యాటరీ దీపం పెట్టండి.

ఏకాదశి సంగతి: సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయం గోడని దెబ్బతీస్తుంది. ఎక్కించిన రోజు, మర్నాడు దాహం లేకపోయినా నీళ్లు బాగా తాగాలి, మూత్రం ఆపుకోకూడదు. నిర్జల ఉపవాసం ఆ రోజుల్లో పడితే రక్తం పడే ప్రమాదం ఉంది. షుగర్ మాత్రలేసుకుని తిండి మానితే షుగర్ పడిపోతుంది. ఆవిడ మనసుకి నియమం కావాలంటే ఆ రోజు అన్నం బదులు పాలు, సగ్గుబియ్యం, ఉడికించిన దుంపలు తిననివ్వండి. ఏ పూటా మానకుండా తినాలి.

నెల్లూరు_సలీం
ఉపవాసం మాట వచ్చింది కాబట్టి రంజాన్ గురించి రెండు ముక్కలు. జబ్బుతో ఉన్నవాళ్లకి రోజా (ఉపవాసం) నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే (2:185) ఉంది. తర్వాత కోలుకుంటే ఆ రోజులు పూరించుకోవాలి. కోలుకునే ఆశ లేకపోతే ఫిద్యా, అంటే రోజుకి ఒక పేదవాడికి భోజనం. చాలామంది పెద్దవాళ్లకి ఇది తెలుసు, అయినా మనసొప్పదు. మసీదు ఇమామ్‌ని ఇంటికి పిలిచి ఆయన నోటితో చెప్పిస్తే వింటారు, కొడుకు చెబితే వినరు.

చేతికి పట్టీ ఉంటే వుజూలో (నమాజ్‌కి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) దాని మీద తడిచేత్తో తుడిస్తే సరిపోతుంది. నీళ్లే తగలకూడదంటే తయమ్ముమ్ (నీళ్ల బదులు శుభ్రమైన మట్టితో చేసేది) ఉంది. కౌంట్స్ తక్కువైతే మట్టి విషయంలో సిస్టర్‌ని ఒకమాట అడగండి. నమాజ్ కూర్చుని, పడుకుని, చివరికి కంటి సైగతోనైనా చేయొచ్చు. సజ్దాలో తల కిందికి వంచితే కళ్లు తిరిగేవాళ్లు కుర్చీలోనే చేయాలి.

రేడియేషన్_టెక్
రేడియేషన్ దగ్గర ఇంట్లోవాళ్లు ముందుగా తెలుసుకోని విషయం ఒకటుంది: మంగళసూత్రం. ఛాతీ, మెడ భాగానికి రేడియేషన్ ఇచ్చేటప్పుడు గొలుసు, నల్లపూసలు తీయాల్సిందే. బల్ల మీద పడుకున్నాక హఠాత్తుగా "తీసేయండమ్మా" అంటే ఆ వయసు ఆడవాళ్లకి గుండె జారిపోతుంది. ఏడ్చేస్తారు, ఒళ్లు బిగుసుకుంటుంది, ఆ రోజు సెటప్ కుదరదు. ముందే ఇంట్లో చెప్పి, ఎవరి చేతిలో పెట్టాలో ఆవిడనే నిర్ణయించుకోనివ్వండి. కొందరు ఆ పది పదిహేను నిమిషాలు మంగళసూత్రాన్ని భర్త చేతిలో పెట్టి, పసుపుకొమ్ము దారం ముంజేతికి కట్టుకుంటారు. మాకేం అభ్యంతరం లేదు. ఎంఆర్‌ఐకి తాయెత్తులు, మొలతాడుకున్న లోహపు బిళ్లలు, మెట్టెలు అన్నీ చెప్పాలి. కాళ్లు వాచాక మెట్టెలు కోయాల్సి వస్తుంది కాబట్టి కీమోకి ముందే వదులు చేయించడం మంచిది.

ఎడమ రొమ్ము కాబట్టి గాలి బిగబట్టి ఇచ్చే పద్ధతి మీ సెంటర్‌లో ఉందేమో అడగండి. గాఢంగా గాలి తీసుకుని సుమారు 20 సెకన్లు నిలిపితే ఊపిరితిత్తి ఉబ్బి, గుండె రొమ్ము నుంచి దూరం జరుగుతుంది. గుండెకి తగిలే కిరణం తగ్గుతుంది. పెద్దమ్మగారికి శ్వాస అలవాటు ఇక్కడ నేరుగా ఉపయోగపడుతుంది. పడుకుని, రెండు చేతులు తల పైకి పెట్టి, ఛాతీతో గాలి తీసుకుని మొదట పది సెకన్లు, తర్వాత పదిహేను, ఇరవై. రోజుకి ఐదారుసార్లు, సిమ్యులేషన్‌కి (రేడియేషన్‌కి ముందు కొలతలు తీసే రోజు) రెండు వారాల ముందు నుంచి. మెదడులో గడ్డ లేనివాళ్లకే ఇది. నడుము పైకెత్తి ఛాతీ పెంచినట్టు చూపించడం అందరూ చేసే తప్పు. కొలత తప్పిపోతుంది. పిరుదులు, నడుము బల్లకి ఆని ఉండాలి, ఛాతీ మాత్రమే లేవాలి.

రేడియేషన్ పడే చర్మం మీద పసుపు, గంధం, విభూతి, కొబ్బరినూనె ఏదీ రాయొద్దు. మేం పెట్టిన గుర్తులు చెరిగిపోతాయి, కమిలిన చర్మం మండుతుంది.

తల, మెడకి రేడియేషన్ తీసుకునేవాళ్లు చదువుతుంటే ఇది గమనించండి. ప్లాస్టిక్ మాస్క్‌ని వేడినీళ్లలో మెత్తబరిచి మొహం మీద అచ్చు తీస్తారు. చికిత్సప్పుడు దాన్ని బల్లకి బిగిస్తారు. జపం పెదాలతో చేయకూడదు. దవడ, గొంతు కదులుతాయి. మనసులోనే చేయాలి, వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. గదిలో కెమెరా, మైకు ఉంటాయి, చేయి ఎత్తితే ఆపేస్తాం. ఆ మాట ఒకటికి రెండుసార్లు చెప్పించుకోండి. ఆపించగలనని తెలిసినవాళ్లకి ఆపాల్సిన అవసరం చాలా తక్కువగా వస్తుంది. ఇష్టమైన కీర్తనలు ఫోన్లో తెస్తే చాలా చోట్ల గదిలో పెడతారు. ఎన్నో కీర్తన దగ్గర అయిపోతుందో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది, అదే వాళ్లకి గడియారం.

కృష్ణాతీరం
మంగళసూత్రం సంగతి ఎవరూ చెప్పలేదండీ. ఈ రాత్రికే మాట్లాడతాను. మొక్కు గురించి చెప్పండి. తలనీలాల మొక్కు ఉంది.

ఉపశమన_సేవ
తలనీలాలకి సమయం చూసుకోవాలి. ఎర్ర మందుతో జుట్టు రాలడం సాధారణంగా మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకి మొదలవుతుంది. ఆ మొక్కు నిజంగా తీర్చుకోవాలని ఆవిడకే ఉంటే, కీమో తేదీ మారకుండా ఈ వారంలోనే వెళ్లిరావచ్చు. దానికోసం కీమో వాయిదా వేయడం మాత్రం వద్దు. కీమో మొదలయ్యాక కత్తితో గుండు కూడదు. చిన్న గాటు పడినా కౌంట్స్ లేనప్పుడు చీము పడుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం ఆగదు. అప్పుడు ట్రిమ్మర్ వాడాలి. ఆడవాళ్లకి మూడు కత్తెరలు ఇచ్చే ఆనవాయితీ ఉండనే ఉంది.

ప్రయాణం కుదరదనుకుంటే ముడుపు కట్టించండి. పసుపు బట్టలో రూపాయి నాణెం, కాసిన్ని అక్షింతలు వేసి, ఆవిడ చేత్తోనే ముడి వేయించి, దేవుడి పటం దగ్గర పెట్టండి. చికిత్సంతా అయ్యాక తీసుకెళ్లొచ్చు. మొక్కు తీర్చలేదన్న భయం అక్కడితో ఆగుతుంది. రాలిన మొదటి జుట్టుని కూడా బట్టలో కట్టి దాచి తర్వాత సమర్పించుకుంటామనేవాళ్లున్నారు. ఎవరూ కాదనక్కర్లేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. మీరు పూజ, జపం, మొక్కు అడిగారు. ఆవిడ మనసులో ఏ ప్రశ్న తిరుగుతోందో ఇంకా అడగలేదు. ఈ జబ్బులో మన ఇళ్లలో అందరికంటే ముందు వచ్చే మాట "నేనేం పాపం చేశాను?" అన్నది. దానికి ఇంట్లోవాళ్లు తొందరగా ఇచ్చే రెండు జవాబులూ మనిషిని గాయపరుస్తాయి. "పూర్వజన్మ కర్మ" అంటే తప్పు ఆవిడదే అయిపోతుంది. "అలా అనకు, పాజిటివ్‌గా ఉండు" అంటే ఇంక ఆ మాట ఎవరితోనూ అనదు. అనాల్సింది ఇది: "అలా ఎందుకనిపిస్తోంది పెద్దమ్మా?" ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చోవాలి. రెండు నిమిషాల నిశ్శబ్దం భరించలేక మనమే మాట్లాడేస్తాం. ఆ రెండు నిమిషాల తర్వాతే అసలు మాట వస్తుంది: కూతురి పెళ్లి, పొలం తగాదా, ఎప్పుడో చెల్లెలితో పడిన మాట.

పాలియేటివ్ కేర్‌లో (నొప్పినీ బాధనీ తగ్గించే చికిత్స) వాడే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, మన భాషలో ఇలా అడగొచ్చు. కష్టంలో నీకు బలం దేనివల్ల వస్తుంది? అది ఇప్పుడు ఎంతవరకు ఆసరాగా ఉంది? నీతో కలిసి దణ్ణం పెట్టుకునేవాళ్లు, మాట్లాడేవాళ్లు ఎవరున్నారు? ఆసుపత్రిలో మేం ఏం చూసుకోవాలి? వైద్యురాలు క్రిస్టినా పుచాల్‌స్కీ 1996లో తయారుచేసిన పద్ధతి ఇది. నాలుగూ ఒకేరోజు అడగకండి. కాళ్లు పడుతూ, తల దువ్వుతూ అడిగితే జవాబు వస్తుంది. ఎదురుగా కుర్చీ వేసుకుని అడిగితే రాదు.

కొందరికి దేవుడి మీద కోపం వస్తుంది. పటం తిప్పేస్తారు, పూజ మానేస్తారు. ఇంట్లో అపశకునం అని గోల చేస్తారు. అది కూడా ఆవిడకి, ఆవిడ దేవుడికి మధ్య సంగతి. దీపం మీరు పెట్టండి, ఆవిడని పిలవకండి. చాలామంది తిరిగి వస్తారు, కొందరు రారు, ఎవరినీ తోయకూడదు.

చూడ్డానికి వచ్చేవాళ్లని కట్టడి చేయాల్సింది మీరే. ప్రార్థన చేస్తామని ఏ మతంవాళ్లు వచ్చినా, ఆవిడని విడిగా అడిగి, ఆవిడ సరే అంటేనే. ఐదు నిమిషాలు, చేతులు కడుక్కుని, తల మీద చేయి పెట్టకుండా.

నొప్పి గురించి ఒక్కమాట. సున్నా నుంచి పదిలో నొప్పి ఏడు ఉన్నప్పుడు ధ్యానం చేయమనడం క్రూరత్వం. ముందు మాత్ర. నోటి మార్ఫిన్ వేసిన అరగంట నుంచి గంటలో నొప్పి దిగుతుంది. అప్పుడు నామం పెడితే వింటారు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పినట్టు వాడే మార్ఫిన్‌తో వ్యసనం అవుతుందన్న భయంతో మాత్ర దాచేసి భజన పెట్టే ఇళ్లున్నాయి. అలా చేయకండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. ఆఖరి దశలోనే వెళ్లాలని లేదు, నొప్పి మొదలైన రోజే అడగొచ్చు. దిగులు రోజుల తరబడి వదలకపోతే, బతకాలని లేదన్న మాట వస్తే, 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ లైను. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. డాక్టర్‌కి కూడా అదే రోజు చెప్పాలి.

డయాలసిస్_యూనిట్
ఇది క్యాన్సర్ గురించిన చర్చే అయినా, కిడ్నీ, గుండె వాళ్లు కూడా చదువుతారని రాస్తున్నాను. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి గుడి ప్రసాదంలో ప్రమాదం కొబ్బరినీళ్లు, అరటిపండు. రెండిట్లోనూ పొటాషియం ఎక్కువ, గుండె లయ తప్పుతుంది. కొబ్బరికాయ కొట్టండి, నీళ్లు వేరేవాళ్లకి ఇవ్వండి. తీర్థం, పాలు, పానకం కూడా రోజు నీళ్ల లెక్కలోకే వస్తాయి. నాలుగు గంటలు మిషన్ మీద ఉన్నప్పుడు ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం) ఉన్న చేతితో మాల తిప్పకూడదు, ఇంకో చేయి వాడాలి. కంబళి ఆ చేతి మీద కప్పేసి ధ్యానంలోకి వెళ్లొద్దు. సూది జారితే రక్తం కనపడాలి.

బైపాస్ అయినవాళ్లు ఛాతీ ఎముక అతికేదాకా, సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు, సాష్టాంగ నమస్కారం, సూర్య నమస్కారాలు చేయకూడదు. నేల మీద కూర్చుని చేతులు ఊని లేవడం కూడా వద్దు. కుర్చీలో కూర్చుని చేతులు జోడిస్తే చాలు.

డాలస్_తెలుగు
ఇక్కడ అమెరికాలో తల్లిదండ్రుల్ని చూపిస్తున్నవాళ్లకి: పెద్ద ఆసుపత్రుల్లో చాప్లిన్ అని ఉంటారు. పాస్టరే అనుకుని మనవాళ్లు వద్దంటారు. ఏ మతంవాళ్లతోనైనా మాట్లాడటమే వాళ్ల పని, బిల్లు వేయరు. నర్స్‌కి చెబితే వస్తారు, కావాలంటే దగ్గర్లోని గుడి పూజారిని పిలిపిస్తారు. మాంసాహారం ముట్టరనీ, స్త్రీ నర్సే కావాలనీ, ఆఖరి సమయంలో నోట్లో తులసితీర్థం వేయాలనీ ముందే వాళ్ల ద్వారా ఫైల్లో రాయించొచ్చు. మింగలేని మనిషికి చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూదితో పెదాలు తడపడానికి ఒప్పుకుంటారు.

కృష్ణాతీరం
అందరికీ చేతులెత్తి దణ్ణం. ఇదంతా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఆఖరిది: మొదటి రోజు సంచిలో దేవుడికి సంబంధించి ఏం పెట్టమంటారు?

డేకేర్_సిస్టర్
27 పూసల మాల, సబ్బుతో కడగగలిగేది. చెక్క, రుద్రాక్ష మాలలు ఇంట్లోనే ఉంచండి. లామినేషన్ చేయించిన చిన్న దేవుడి పటం, స్పిరిట్ గుడ్డతో తుడవొచ్చు. ఫోన్లో ముందే దింపుకున్న సహస్రనామం. డే కేర్‌లో సిగ్నల్ నమ్ముకోవద్దు. ఒక చెవి ఇయర్‌ఫోన్, చార్జర్. ముందుకి గుండీలున్న వదులు జాకెట్టు, పల్చటి దుప్పటి. పూలు, ప్రసాదం, విభూతి పొట్లం వద్దు.

ఇంకోటి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "సూది దగ్గర మంటగా ఉంటే జపం ఆపి సిస్టర్‌ని పిలవాలి" అని రాసి ఆవిడకి కనపడేలా పెట్టండి. చదివించి, ఆవిడ నోటితో తిరిగి చెప్పించుకోండి.